దేవుడు ప్రేమ అయితే నరకం ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువసార్లు నిలదీసిన ప్రశ్న ఇదే. పిల్లలైతే అందరి ముందూ అడిగేస్తారు. పెద్దవాళ్లు ఆరాధన అయ్యాక, బయట చెప్పులు వేసుకుంటూ, పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడుగుతారు. అడిగితే అవిశ్వాసం అనుకుంటారేమోనని భయం. ఆ భయం అక్కర్లేదు. సొదొమ అనే పట్టణం నాశనం కాబోతోందని విన్న అబ్రాహాము "సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా?" అని నేరుగా దేవుణ్ణే అడిగాడు. దేవుడు కోప్పడలేదు, అడిగినన్నిసార్లూ ఓపిగ్గా బదులిచ్చాడు. మీరూ అడగండి.

దేవుడు ప్రేమాస్వరూపి అంటారు. అదే నోటితో నరకం ఉందంటారు. రెండూ ఎలా కుదురుతాయి?

నేను నమ్మేది ముందే చెప్పేస్తాను. యోహాను మొదటి పత్రిక "దేవుడు ప్రేమాస్వరూపి" అంటుంది. దేవుడికి కోపం, ఓర్పు ఉన్నట్టే ప్రేమ కూడా ఉంది అనలేదు, ఆయనే ప్రేమ అంది. నరకం గురించి మనం ఏం బోధించినా ఆ మాటకు లోబడే బోధించాలి. మనిషి ఊపిరి ఆగేదాకా ప్రేమించి, ఆగిన మరుక్షణం నుంచి పగబట్టే దేవుడు నాకు బైబిల్లో కనబడడు. ఆ ప్రేమను తోసేసుకుంటూ, తోసేసుకుంటూ, చివరికి అదే తన స్వభావమైపోయినవాడి పరిస్థితికే నరకం అని పేరు. అలాంటి పరిస్థితి మనిషికి రావచ్చని యేసు కన్నీళ్లతో హెచ్చరించాడు. అయితే ఫలానావాళ్లకు వచ్చేసింది అని జాబితా చదవలేదు. హెచ్చరికను కొట్టిపారేయకూడదు, జాబితాను మనం రాయకూడదు. కింద చెప్పేదంతా ఈ మాటకు వివరణే.

తెలుగు బైబిల్లో నరకం అని ఉంది, పాతాళం అని కూడా ఉంది. రెండూ ఒకటేనా?

ఒకటి కాదు. మన గందరగోళంలో సగం ఇక్కడే మొదలవుతుంది.

పాత నిబంధనలోని హీబ్రూ మాట షెయోల్. మంచివాళ్లూ చెడ్డవాళ్లూ, చనిపోయినవాళ్లందరూ చేరే చోటు అది. యోసేపు చనిపోయాడనుకున్న యాకోబు, ఏడుస్తూ నా కొడుకు దగ్గరికే పోతానన్నది అక్కడికే. దానికి సరిపోయే గ్రీకు మాట హేడిస్. ఈ రెండింటినీ తెలుగులో పాతాళం అనీ, కొన్నిచోట్ల మృతుల లోకం అనీ రాశారు. యేసు హెచ్చరికల్లో వచ్చే మాట వేరే. అది గెహెన్నా. దాన్నే మనవాళ్లు నరకం అన్నారు.

గెహెన్నా అసలు ఒక ఊరి పక్క లోయ పేరు. యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ అది, ఇప్పటికీ ఉంది. యూదా రాజుల కాలంలో అక్కడ తోఫెతు అనే చోట జనం తమ సొంత పిల్లల్ని మొలెకు అనే దేవతకు అర్పణగా అగ్నిలో దహించారు. యోషీయా రాజు ఆ చోటును పాడుచేసి ఆ ఆచారాన్ని ఆపించినట్టు రెండవ రాజుల గ్రంథం 23వ అధ్యాయంలో ఉంది. యిర్మీయా నోట దేవుడు ఆ పని గురించి, అది నేను ఆజ్ఞాపించలేదు, నాకు తోచను కూడా లేదు అంటాడు. ఈ వచనం దగ్గర నేను చాలా ఏళ్లు ఆగిపోయాను. పిల్లల్ని మంటల్లో వేయడం నా ఆలోచనకే రాలేదన్న దేవుణ్ణి తీసుకొచ్చి, అదే లోయ పేరు చెప్పి, ఆయన తన పిల్లల్ని మంటల్లో వేసి తృప్తిపడతాడని బోధిస్తే ఎంత తలకిందుల పని!

ఇంకో సంగతి. నరకం అనగానే తెలుగువాడి మనసులో మెదిలేది బైబిల్ కాదు, గరుడ పురాణం. యమభటులు, చిత్రగుప్తుడి చిట్టా, కుంభీపాకం, సలసల కాగే నూనె. అనువాదకులు జనం నోట్లో ఉన్న మాటే తీసుకున్నారు, అందులో తప్పేం లేదు. కానీ మాటతో పాటు ఆ బొమ్మలూ వచ్చి మన ప్రసంగాల్లో కూర్చున్నాయి. చిత్రం ఏమిటంటే పురాణాల్లోని నరకానికి గడువుంది. చేసిన పాపానికి తగినంత అనుభవించాక జీవుడు మళ్లీ పుడతాడు. మనం అక్కడినుంచి నూనె బానలు తెచ్చుకున్నాం, గడువును అక్కడే వదిలేశాం. బైబిల్లో నూనె బానలు లేవు. శూలం పట్టుకుని నరకాన్ని ఏలే సాతానూ లేడు. ప్రకటన గ్రంథంలో వాడే అగ్నిగుండంలో పడతాడు. బైబిల్ చూపించేవి అగ్ని, వెలుపటి చీకటి, చావని పురుగు, మూసిన తలుపు, పండ్లు కొరుకుట. మంట ఉన్నచోట కటిక చీకటి ఉండదు కదా. కాబట్టి ఇవి మాటలకందని నష్టాన్ని చూపే పోలికలని మొదటినుంచీ చాలామంది చదువరులు గ్రహించారు. 16వ శతాబ్దంలో జాన్ కాల్విన్ అంతటి కఠినమైన బోధకుడు కూడా ఆ అగ్నిని పోలికగానే తీసుకున్నాడు. పోలిక అన్నంత మాత్రాన తేలిక అని కాదు. కడుపు మండిపోయింది అన్నప్పుడు మంట లేదు గానీ బాధ నిజమే.

గెహెన్నా అంటే యెరూషలేములో చెత్త తగలబెట్టే చోటు అని ప్రసంగాల్లో విన్నాం. నిజమేనా?

నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను, ఇప్పుడు మానేశాను. ఆ మాటకు చూపించే పాత ఆధారం సుమారు 1200 ప్రాంతంలో దావీదు కింహి అనే యూదు పండితుడు రాసిన వ్యాఖ్యానం. అంటే యేసు తర్వాత వెయ్యేళ్లు దాటాక. చెత్తకుప్ప కథ లేకపోయినా యిర్మీయా చాలు.

యేసు అందరికంటే ఎక్కువగా నరకం గురించే మాట్లాడాడు అంటారు. ప్రేమించేవాడు అంత బెదిరించాలా?

లెక్క చూద్దాం. కొత్త నిబంధన మొత్తంలో గెహెన్నా అనే మాట 12 సార్లు వస్తుంది. వాటిలో 11 మొదటి మూడు సువార్తల్లో, యేసు నోటి నుంచి వచ్చినవే. మిగిలిన ఒక్కటి యాకోబు పత్రికలో, నాలుక చేసే నాశనం గురించి. పౌలు ఆ మాట ఒక్కసారీ వాడలేదు. అపొస్తలుల కార్యాల్లో పేతురు, పౌలు కొత్తవాళ్లకు సువార్త చెప్పిన ప్రసంగాలన్నీ తిరగేయండి. తీర్పు దినం ఉంది, మారుమనస్సు ఉంది, పునరుత్థానం ఉంది. గెహెన్నా లేదు.

మరి యేసు ఆ మాట ఎవరితో అన్నాడు? ఎక్కువగా తన శిష్యులతో. కొండమీది ప్రసంగంలో, సహోదరుణ్ణి ద్రోహీ అని తిట్టేవాడితో, కన్ను అదుపులో లేనివాడితో. మత్తయి 23లో శాస్త్రులతో, పరిసయ్యులతో, అంటే బోధకులతో. ఈ చిన్నవారిలో ఒకణ్ణి అభ్యంతరపెట్టేవాడి గురించి. సమరయ స్త్రీతో అనలేదు. శతాధిపతితో అనలేదు. సుంకరి జక్కయ్యతో, కనాను స్త్రీతో అనలేదు. జక్కయ్య ఇంటికి అతిథిగా వెళ్లాడు, శతాధిపతి విశ్వాసాన్నీ కనాను స్త్రీ విశ్వాసాన్నీ మెచ్చుకున్నాడు.

మనం దీన్ని పూర్తిగా తిప్పేశాం. సంఘంలో ఉన్న మనకు పరలోకం ఖాయం, పక్క వీధిలో కొబ్బరికాయ కొట్టేవాళ్లకు నరకం ఖాయం అన్నట్టు మైకుల్లో చెబుతున్నాం. ఆ మైకు యేసు చేతిలో ఉంటే మొహం మనవైపే తిరిగి ఉండేది.

మత్తయి 25 చదవండి. "నిత్యాగ్ని" అనే మాట వచ్చే అధ్యాయం అది. చివరి తీర్పులో ఎడమవైపు నిలబడ్డవాళ్లను యేసు అడిగింది నువ్వు ఏ సంఘం అని కాదు. ఆకలిగా ఉన్నాను, అన్నం పెట్టలేదు. దాహంగా ఉన్నాను, నీళ్లివ్వలేదు. చెరసాలలో ఉన్నాను, చూడటానికి రాలేదు. అంతే. ఆ మాటలో బెదిరింపు ఉందంటే ఉంది. అన్నం దొరకనివాడి పక్షాన ఉన్న బెదిరింపు అది.

అంత ప్రేమగలవాడు అందర్నీ క్షమించేసి ఊరుకోవచ్చు కదా? తీర్పు దేనికి?

ఈ ప్రశ్న అడిగే హక్కు అందరికీ ఉంది. కానీ జవాబు వినేటప్పుడు దెబ్బ తిన్నవాళ్ల పక్కన కూర్చుని వినాలి.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. కొన్ని శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. పదహారేళ్లు గడిచాక, 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ తల్లుల దగ్గరికి వెళ్లి, దేవుడు ప్రేమగలవాడమ్మా, ఆయన దగ్గర తీర్పు ఉండదు, జరిగిందేదో జరిగిపోయింది అని చెప్పగలమా? నేను చెప్పలేను. తీర్పే లేకపోతే చంపినవాడి మాటే చివరి మాట అవుతుంది. ప్రేమ ఉన్నచోట కోపం కూడా ఉంటుంది. బిడ్డను కొడుతుంటే చూస్తూ నవ్వే తండ్రిని ప్రేమగలవాడని ఎవరూ అనరు.

అందుకే కీర్తనల్లో పేదవాళ్లు తీర్పు కోసం ఎదురుచూస్తారు. ఆయన తీర్పు తీర్చడానికి వస్తున్నాడు గనుక పొలాలు, వనవృక్షాలు ఉత్సాహధ్వని చేయాలని 96వ కీర్తన పాడుతుంది. తీర్పు అనగానే మనకు టెన్షన్, వాళ్లకు సంతోషం. మనం ఏ వైపు నిలబడి చదువుతున్నామో అందులోనే తెలుస్తుంది.

అయితే తీర్పు కావాలి అన్నంత మాత్రాన అంతులేని హింస కావాలని కాదు. అది వేరే ప్రశ్న, కిందిదే.

అరవై డెబ్బై ఏళ్ల బతుకులో చేసిన పాపానికి అంతులేని శిక్షా? ఇదేం న్యాయం?

దీనికి సంఘ చరిత్రలో బాగా పేరుపడ్డ జవాబు ఒకటుంది. అన్సెల్మ్ (1033-1109), థామస్ అక్వినాస్ (1225-1274) వంటి మధ్యయుగపు క్రైస్తవ పండితుల ఆలోచనలోంచి వచ్చింది. నేరం ఎంత పెద్దదో అది ఎవరి మీద జరిగిందో దాన్ని బట్టి ఉంటుంది, దేవుడు అనంతుడు, కాబట్టి ఆయనకు విరోధంగా చేసిన పాపానికి శిక్షా అనంతమే అని. చాలామంది మంచి బోధకులు ఇప్పటికీ ఇదే చెబుతారు. నా మనసుకు మాత్రం ఇది ఎక్కదు. కూలివాణ్ణి కొడితే చిన్న తప్పు, దొరను కొడితే పెద్ద తప్పు అనే లెక్క మన ఊళ్లలో చాలాకాలం నడిచింది. ఆ లెక్కను తిరగరాసి, ఈ అల్పుల్లో ఒకడికి చేసింది నాకు చేసినట్టే అన్నవాడు యేసు. దొరల లెక్కతో ఆయన న్యాయాన్ని కొలవడం నాకు ఇష్టం లేదు.

నాకు బలంగా తోచే జవాబు వేరు. ధనవంతుడు, లాజరు కథ మీకు తెలిసిందే, లూకా 16. బతికున్నప్పుడు లాజరు ఆ ధనవంతుడి వాకిట్లోనే పడి ఉన్నాడు, కుక్కలు పుండ్లు నాకాయి. పాతాళంలో ధనవంతుడు కళ్లెత్తి చూసి ఏమంటాడో గమనించండి. లాజరుతో మాట్లాడడు. అయ్యో, నీకు అన్యాయం చేశాను అనడు. అబ్రాహాముతో, ఆ లాజరును పంపు, వేలు నీళ్లలో ముంచి నా నాలుక తడపమను అంటాడు. తర్వాత, పోనీ మా అన్నదమ్ముల దగ్గరికి పంపు అంటాడు. అంత వేదనలోనూ లాజరు అతనికి పనివాడే! మంటల్లో పడ్డా మనసు మారలేదు. శిక్ష ఎందుకు ముగియదు అని మనం అడుగుతాం. ఆ కథ మాత్రం పాపం ఎక్కడ ముగిసింది అని అడుగుతోంది. అరవై ఏళ్ల పాపానికి అంతులేని శిక్ష అని కాదు, ముగియని నిరాకరణకు ముగియని ఫలం అని.

శిక్ష అందరికీ ఒకటే అని కూడా యేసు చెప్పలేదు. లూకా 12లో యజమాని చిత్తం తెలిసీ చేయనివాడికి అనేక దెబ్బలు, తెలియకచేసినవాడికి కొద్ది దెబ్బలు అన్నాడు. కొద్ది అనే మాటకు ఒక హద్దుంటుంది కదా అని కొందరు పండితులు ఇక్కడ ఆగి అడుగుతారు. మంచి ప్రశ్నే.

క్రైస్తవులందరూ నరకం గురించి ఒకటే నమ్ముతారా?

లేదు. మొదటి శతాబ్దాల నుంచీ ముఖ్యంగా మూడు దారులున్నాయి.

ఎక్కువమంది నడిచిన దారి నిత్యశిక్ష. అగస్టీన్ (354-430) అనే బిషప్పు దీన్ని గట్టిగా నిలబెట్టాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. మత్తయి 25:46లో ఒకే వాక్యంలో "నిత్యశిక్ష", "నిత్యజీవం" ఉన్నాయి. జీవం అంతులేనిదైతే శిక్షా అంతులేనిదే. ఇది తేలిగ్గా తోసేయగల వాదన కాదు. అయితే, నిత్యశిక్షను ఒప్పుకోని క్రైస్తవులు తన కాలంలో చాలామందే ఉన్నారని ఆయనే రాశాడు.

రెండోది, దేవుణ్ణి చివరిదాకా కాదన్నవాళ్లు తీర్పు తర్వాత లేకుండా పోతారు అనే నమ్మకం. ఆత్మనూ దేహాన్నీ కూడా నరకంలో నశింపజేయగలవాడు అన్న మత్తయి 10:28 వీళ్లకు ఆధారం. ప్రకటన గ్రంథం కూడా అగ్నిగుండాన్ని "రెండవ మరణము" అంటుంది, రెండవ బతుకు అనదు. సెవెంత్ డే అడ్వెంటిస్టులు ఇదే బోధిస్తారు. ఇంగ్లండులో ఎంతో గౌరవం పొందిన సువార్తిక బోధకుడు జాన్ స్టాట్ 1988లో, తాను ఈ వైపే మొగ్గుతున్నానని బయటపెట్టినప్పుడు పెద్ద దుమారం రేగింది. బాధ అనుభవించడం ఎన్నటికీ ఆగదనే ఆలోచన తన మనసుకు భరించలేనిదని ఆయన దాచకుండా ఒప్పుకున్నాడు. అయినా మనసు చెప్పింది కాదు, లేఖనం చెప్పేదే తేల్చాలని అక్కడినుంచి లేఖనాల్లోకి వెళ్లాడు.

మూడోది, చివరికి అందరూ దేవుని దగ్గరికి తిరిగి వస్తారనే ఆశ. అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిజెన్ అనే పండితుడు 3వ శతాబ్దంలో ఇలాంటి బోధ చేశాడు. 6వ శతాబ్దంలో, 543లో చక్రవర్తి జస్టీనియన్ ఆజ్ఞతోనూ, 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ సమయంలోనూ ఆయన పేరు మీదున్న బోధలు ఖండనకు గురయ్యాయి. కానీ దాదాపు అదే ఆశను పెట్టుకున్న నిస్సా గ్రెగొరీ అనే బిషప్పును తూర్పు (ఆర్థడాక్స్) సంఘమూ పడమటి సంఘమూ ఈనాటికీ పరిశుద్ధుడిగానే గౌరవిస్తున్నాయి.

కథోలికులు చెప్పే ఉత్తరించు స్థలం ఈ మూడింటిలో దేనికీ చెందదు. అది రక్షణ పొందినవాళ్ల శుద్ధి కోసం. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థించేది ఆ నమ్మకంతోనే.

నేనెక్కడ అంటే, హెచ్చరిక నిజమని నమ్ముతాను, అందరికోసం ఆశపడతాను. అందరూ తప్పక రక్షణ పొందుతారని బోధించను, ఎందుకంటే యేసు అంత తేలిగ్గా మాట్లాడలేదు. ఆశపడటం మాత్రం మానను, ఎందుకంటే మనుష్యులందరూ రక్షణ పొందాలన్నదే ఆయన ఇష్టమని తిమోతి మొదటి పత్రిక చెబుతోంది.

మనిషిని నరకానికి దేవుడు పంపుతాడా, మనిషే పోతాడా?

తప్పిపోయిన కుమారుడి కథలో మనం చిన్నవాడు తిరిగొచ్చిన దగ్గరే ఆపేస్తాం. చివరి భాగం చదవండి. లోపల విందు, వాద్యాలు, క్రొవ్విన దూడ మాంసం. పెద్దవాడు పొలం నుంచి వచ్చి కోపంతో లోపలికి వెళ్లనన్నాడు. అప్పుడు తండ్రి వెలుపలికి వచ్చి "బతిమాలుకొనెను". తండ్రి తలుపు మూయలేదు. కొడుకు మీద ప్రేమ తగ్గలేదు. నావన్నీ నీవే కదా అన్నాడు. కానీ అదే పాట, అదే వెలుగు, అదే తమ్ముడు, ఒకరికి పండగ, పెద్దవాడికి కడుపుమంట. 7వ శతాబ్దంలో నీనెవె బిషప్పుగా పనిచేసిన ఇస్సాకు అనే సన్యాసి కూడా ఇలాంటి మాటే అన్నాడు. గెహెన్నాలో ఉన్నవాళ్లను బాధించే కొరడా దేవుని ప్రేమే, ప్రేమకు విరోధంగా పాపం చేశామనే ఆ నొప్పిని మించింది లేదు అని.

బైబిల్లో పంపివేయబడుట, త్రోసివేయబడుట వంటి మాటలు కూడా ఉన్నాయి, వాటిని దాచను. కానీ పంపేవాడు గుమ్మం దాటి వచ్చి బతిమాలినవాడే.

అంతకంటే లోతుకు వెళ్లిన సంగతి ఇంకోటి ఉంది. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో యేసు "అదృశ్యలోకములోనికి దిగెను" అని చదువుతాం. చదివేసి ముందుకు పోతాం. తూర్పు సంఘాలవాళ్లు పునరుత్థాన చిత్రంగా గీసేది ఇదే. ఇస్తాంబుల్‌లో ఒకప్పటి ఖోరా దేవాలయంలో 14వ శతాబ్దపు మొదట్లో వేసినది ఉంది. తెల్లని బట్టల్లో యేసు, కాళ్లు విశాలంగా చాపి, ఆదామును ఒక చేత్తో, హవ్వను ఒక చేత్తో సమాధుల్లోంచి లాగుతున్నాడు. చేతులు కలపలేదు, మణికట్టు పట్టుకుని లాగుతున్నాడు. కాళ్ల కింద విరిగిన తలుపులు, చెల్లాచెదురైన తాళాలు, గడియలు. మరణపు ఇంట్లోకి కూడా మనకంటే ముందు వెళ్లి వచ్చినవాడు ఈయన.

మా తాతముత్తాతలు యేసు పేరే వినలేదు. వాళ్లు నరకంలో ఉన్నట్టేనా?

తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి ఇది సిద్ధాంతం కాదు, ఇంటి విషయం. రెండు మూడు తరాల వెనక్కి వెళితే చాలు.

ఒంగోలు దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దానికి ముందు రెండేళ్లు ఘోరమైన కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో వేలమందికి పని ఇప్పించాడు. గంజి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆయన ఉద్దేశం మంచిదే. మరి ఆ కాలవ గట్టు మీద సువార్త విని, బాప్తిస్మం అందకుండానే ఆకలితోనో కలరాతోనో పోయినవాళ్లు? వినకుండానే పోయిన వాళ్ల అమ్మానాన్నలు? తేదీని బట్టి దేవుడు మనుషుల్ని విడదీస్తాడని నేను నమ్మలేను.

పౌలు రోమా పత్రిక 2లో, ధర్మశాస్త్రం లేనివాళ్ల హృదయాల మీద కూడా దాని సారం రాసి ఉందని, వాళ్ల మనస్సాక్షి సాక్ష్యమిస్తుందని చెప్పాడు. 1964లో రెండవ వాటికన్ మహాసభ, తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్లు నిజమైన మనసుతో దేవుణ్ణి వెదికితే రక్షణ పొందగలరని రాసింది. ప్రొటెస్టంటుల్లో కొందరు దీన్ని ఒప్పుకోరు. కానీ ఎక్కువ తెలిసినవాడికి ఎక్కువ లెక్క అని యేసే అన్నాడు. అన్యుల పట్టణాలైన తూరు సీదోనుల గతి మీ గతికంటే ఓర్వతగినదై ఉంటుందని, తన అద్భుతాలు చూసిన ఊళ్లతోనే అన్నాడు.

మా వీధిలో ఒకావిడ ఉంది. ఇంట్లో తనొక్కతే నమ్ముకుంది. వాళ్లమ్మ చనిపోయాక ఇంట్లో ఆదరణ కూడిక పెట్టించింది, అన్నదమ్ములు ఒప్పుకోవడమే గొప్ప. వాక్యం చెప్పడానికి వచ్చినాయన, ఆ తల్లి ఇప్పుడు అగ్నిలో ఉంది, మీరైనా మేలుకోండి అన్నాడు. ఆవిడ అప్పుడే టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చింది. అలాగే నిలబడిపోయింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి, చేతులు వణికి. ఆ రోజు నేను లేచి మాట్లాడాల్సింది. మాట్లాడలేదు. ఇది రాయడానికి అది కూడా ఒక కారణం.

ఆదరణ కూడికకు వెళ్లేవాళ్లు దయచేసి ఆదరించండి. తన స్నేహితుడు లాజరు (ధనవంతుడి కథలోని లాజరు కాదు) చనిపోయినప్పుడు, సమాధి దగ్గరికి వెళ్లేముందు యేసు ఏడ్చాడు. చనిపోయినవాళ్ల తీర్పు మీ చేతికి ఎవరూ ఇవ్వలేదు.

చిన్నపిల్లలు? ఆత్మహత్య చేసుకున్నవాళ్లు?

పసిపిల్లల గురించి నాకు సందేహం లేదు. పరలోక రాజ్యం ఇలాంటివారిదే అన్నవాడి ఒడిలో ఉంటారు.

ఆత్మహత్య చేసుకున్నవాళ్లు నేరుగా నరకానికే అని బైబిల్లో ఎక్కడా లేదు. కథోలిక సంఘం కూడా తన సత్యోపదేశంలో, వాళ్ల నిత్యరక్షణ గురించి నిరాశపడకూడదని, దేవునికి మాత్రమే తెలిసిన దారులున్నాయని చెబుతుంది. మనసు జబ్బు పడ్డప్పుడు మనిషి చేసింది, ఆరోగ్యంగా ఉండి చేసిన నిర్ణయం లాంటిది కాదు. మీకే అలాంటి ఆలోచనలు వస్తుంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఎవరికైనా ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

నా వాళ్లు నరకంలో ఉంటే పరలోకంలో నేనెలా సంతోషంగా ఉంటాను?

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. కొన్ని పాత బోధల్లో, నీతిమంతులు ఆ బాధలు చూసి దేవుణ్ణి స్తుతిస్తారని చెప్పారు. నాకు అది వినడమే కష్టం. మోషే, వీళ్లను క్షమించకపోతే నీ గ్రంథంలో నా పేరు తుడిచేయి అన్నాడు. పౌలు, నా సహోదరుల కోసం నేనే శాపగ్రస్తుడనై క్రీస్తునుండి వేరుపడినా సరే అన్నాడు. దేవునికి దగ్గరైన కొద్దీ వాళ్లకు ఇతరుల నాశనం భరించలేనిదైంది. గ్రీసులోని అథోస్ కొండ మీద 1938లో కన్నుమూసిన సిలువాన్ అనే సన్యాసి దగ్గర ఒకరు, నాస్తికులు అగ్నిలో కాలతారు అని తృప్తిగా అన్నారట. నువ్వు పరలోకంలో ఉండి కింద ఎవరో కాలుతుంటే చూస్తూ ఉండగలవా అని ఆయన బాధగా అడిగాడు. ప్రేమ అది భరించలేదు, అందరికోసం ప్రార్థించాలి అన్నాడు.

మీకు కలిగే ఆ బాధ ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించండి. మీ అమ్మ మీద మీకున్న ప్రేమ, ఆమెను చేసినవాడి ప్రేమకంటే పెద్దది అయ్యే అవకాశం లేదు.

ప్రసంగం విన్నప్పటి నుంచి మా పాప రాత్రిళ్లు నిద్రపోవట్లేదు. నరకం గురించి పిల్లలకు చెప్పొచ్చా?

విబిఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడి) అయిన వారంలో ఇలాంటి ఫోన్లు నాకు ప్రతి ఏడూ వస్తాయి. మా చిన్నప్పుడు కూడా గోడ మీద రెండు దారుల పటం ఉండేది, ఒక మూల మంటలు. నేను ఆ మూలనే చూస్తూ పడుకునేదాన్ని.

ఏడెనిమిదేళ్ల పిల్లలకు నరకం పాఠం అక్కర్లేదని నా గట్టి నమ్మకం. భయంతో చెయ్యెత్తిన పిల్లలు, భయం పోగానే చెయ్యి దించేస్తారు. "ప్రేమలో భయముండదు" అని రాసిన యోహానే, పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని కూడా రాశాడు. తప్పు చేస్తే ఎదుటివాళ్లకు నొప్పి కలుగుతుందని, దేవుడు అది చూస్తాడని, క్షమించమని అడిగితే క్షమిస్తాడని చెప్పండి. అది సరిపోతుంది. పదిహేనేళ్లు వచ్చాక మత్తయి 25 కలిసి చదవండి.

ఇవాళ రాత్రికి మాత్రం పాప పక్కన కూర్చోండి. అలా భయపడకూడదు అని కోప్పడొద్దు. ఏం విన్నదో మొత్తం చెప్పనివ్వండి. ఆ ప్రసంగీకుడు చెప్పినవాటిలో నూనె బానలు బైబిల్లో లేవని చెప్పండి, నిజం కాబట్టి. తప్పిపోయిన గొర్రెపిల్ల కథ చదవండి, కాపరి దాన్ని భుజాల మీద వేసుకునే దగ్గర కాసేపు ఆగండి. లైటు వేసి ఉంచమంటే ఉంచండి.